గోడవార పసుపు

శుద్ధి అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్న మట్టి, గోదాము ప్రహరీ గోడవారన, మళ్ళీ పసుపు కక్కింది.

మొదట చూసింది టెస్టమ్మే. ఎండ పడి అలా కనిపిస్తోందేమో అనుకుని పక్కకి జరిగింది. తన నీడ వేసి చూసింది. పసుపు పసుపుగానే ఉంది. ముందురోజు సాయంత్రం పడిన తుంపరకి నేల తడిసి, పొద్దుటి ఎండకి ఆరి, గోడ పొడవునా ఎవరో చీపురుతో గీసినట్టు ఒక చార తేలింది. మిగతా మైదానమంతా ఏమీ ఎరగనట్టు బూడిదరంగులో పడి ఉంది.

ఆమె గొంతుక్కూర్చుంది. చేతులకి తొడుగులు ఎక్కించుకుని, చిన్న గరిటెతో పైపొర గీకి సీసాలో వేసి మూత బిగించింది.

ఆ పసుపు ఆమెకు బాగా తెలుసు. ఒకప్పుడు ఇక్కడ ఇనప సామానుకి తళుకుపూత వేసే లవణాలు తయారుచేసేవారు. ఫ్యాక్టరీ మూతపడింది కాని దాని క్రోమియం మట్టిలోనే ఉండిపోయింది. పసుపు రూపంలో ఉన్నంతకాలం అది నీళ్ళతో నడుస్తుంది, బావుల్లోకి దిగుతుంది. ఒంటికి తగిలితే మానని పుళ్ళు, దుమ్ముగా లోపలికి పోతే అంతకన్నా పెద్ద రోగాలు. అందుకే ఫ్యాక్టరీ వెనక వీధిని ఖాళీ చేయించి, ఆ కుటుంబాలను మైదానం పక్కనే ఉన్న పాత గోదాములో తడకలు కట్టి సర్దారు. ఎక్కడికైనా వెళ్ళి తలదాచుకోగలిగినవాళ్ళు వెళ్ళారు.

మట్టిలో ఎర్రమందు పోసి కలిపితే క్రోమియం విషం విడిచి, మొద్దుబారి, మట్టిని కరుచుకుని ఉండిపోతుంది. నీళ్ళు పిలిచినా కదలదు. ఎర్రమందు అన్నది పనివాళ్ళు పెట్టిన పేరు. గంధకంతో చేసిన ద్రవం అది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. మందు పోసి కలపడం ఒకరి పని, విషం విరిగిందో లేదో తేల్చడం ఈమె పని. టెస్టమ్మ అన్న పేరు ఆమెకు అలాగే అంటుకుంది.

గోడవార మట్టిని కూడా ఆమే తేల్చింది. మంచిదనే తేల్చింది.

రేకుల గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. మట్టిని ద్రావకంలో గిలక్కొట్టి, వడపోసి, గాజు గొట్టంలోకి వంచింది. చుక్కమందు వేస్తే నీరు నీరులాగే ఉండాలి. విషముంటే వంగపువ్వు రంగు తిరుగుతుంది. ఈ గొట్టం తిరగడానికి తీరిక కూడా తీసుకోలేదు. చుక్క పడుతూనే మొత్తం ఊదా అయిపోయింది.

"ఇంకోసారి చెయ్యండి టెస్టమ్మా," అన్నాడు, కబురు పంపితే వచ్చిన ఇంజినీరు. పెన్ను మూత నములుతూ, గొట్టం వంక కాకుండా గోడకున్న క్యాలెండరు వంక చూస్తున్నాడు.

"చేశాను సార్. గోడకి ఆ చివరా ఈ చివరా మట్టి తీసి మరీ చేశాను. గోడ నుంచి నాలుగడుగులు ఇవతలికి వస్తే శుభ్రంగా ఉంది. ఆ చార మటుకే."

"ఎల్లుండి తనిఖీకి పై ఆఫీసు పెద్దాయన వస్తున్నాడు."

"తెలుసు సార్."

"ఈ రంగు చూస్తే ఏమంటాడో కూడా తెలుసా? మందు పనిచెయ్యదు, మొత్తం సిమెంటు పరిచేసి చుట్టూ కంచె వేసెయ్యండి అంటాడు. మొదట్నించీ ఆయన మాట అదే. కంచె అంటే ఇళ్ళతో సహా కంచె. ఆ వీధి ఇక ఉండదు."

అతను చెడ్డవాడు కాదు. ఈ పద్ధతి కోసం అందరితో పోట్లాడి ఒప్పించినవాడు. అందుకే ఆ తర్వాతి మాట మరీ నెమ్మదిగా అన్నాడు. "మందు తప్పు కాదని చూపించాలంటే, కలిపినవాడి తప్పని చూపించాలి. ఇంకో దారి నాకు కనపడ్డం లేదు."

కలిపినవాణ్ణి పిలిపించారు. అతన్ని అందరూ బొంగరం అంటారు. యంత్రం చేతి కొసన పళ్ళున్న చక్రం ఒకటి ఉంటుంది. నడుం లోతు దాకా భూమిలోకి దిగి, తిరుగుతూ, మట్టినీ మందునీ ఏకం చేస్తుంది. దాన్ని తిప్పేవాడు బొంగరం. యాభైకి దగ్గరపడ్డ మనిషి. లోపలికి వస్తూ గుమ్మం దగ్గర బూట్లు దులుపుకున్నాడు, టెస్టమ్మ గది ఊడ్చుకుంటుందని తెలుసు కనక.

"గోడవార నువ్వే కలిపావు కదా?"

"నేను కాక ఇంకెవరున్నారు సార్? గోడకి తగలకుండా బండిని అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయాను. పచ్చడి నూరినట్టు నూరాను."

"అదే బొంగరం. గోడకి తగులుతుందని భయపడ్డావు. చక్రాన్ని లోతుకి దింపలేదు. పైపైన కలిపి జరిగిపోయావు."

బొంగరం టోపీ తీసి, లోపలి అంచు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"భయపడ్డానంటున్నారు," అన్నాడు చివరికి. "సరే. ఏనాడూ ఎవరూ అనని మాట, ఇవాళ మీరన్నారు."

"తనిఖీ అయ్యేదాకా ఇంట్లో ఉండు. బండికి వేరే మనిషిని చూస్తాను."

"తనిఖీలో నా పేరు రాస్తారా?"

ఇంజినీరు పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు. జవాబు అదే. ఇలాంటి మట్టి పనులు చేసేవాళ్ళు దేశం మొత్తం మీద గుప్పెడు మంది. ఒకచోట పేరు పోతే ఇంకోచోట బండి ఎక్కనివ్వరు.

బొంగరం జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వెళుతూ ఆమె దగ్గర ఆగాడు. "టెస్టమ్మా, ఆ రంగు నాదేనంటావా?"

"రంగు ఉందో లేదో అంతవరకే అన్నయ్యా. ఎవరిదో సీసా చెప్పదు."

"సీసాని అడగలేదమ్మా. నిన్నడిగాను."

ఆమె గొట్టాలు కడగడానికి అటు తిరిగింది. తిరిగినందుకు సాయంత్రం దాకా తనని తను తిట్టుకుంటూనే ఉంది.

*

ఇంటికి చేరేసరికి మామగారు వరండాలో కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆయన ఇల్లు ఆ వీధిలోనే. వీధి ఖాళీ అయ్యాక కొడుకు ఇంటికి వచ్చాడు గానీ, వచ్చినట్టు ఒప్పుకోడు. "నాలుగు రోజులు ఉండిపోదామని" అంటాడు. ఆ నాలుగు రోజులు ఎప్పుడో ఏడాది దాటాయి. రోజూ తెల్లారకముందే లేచి గోదాముకి పోయి, వీధి జనంతో కాసేపు కూర్చుని వస్తాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరి కాలవలు తీయించిన శానిటరీ మేస్త్రీ. ఇప్పటికీ వీధిలో ఆయన్ని మేస్త్రీగారనే పిలుస్తారు, ఆయన కూడా వీధిని తన డ్యూటీలాగే చూసుకుంటాడు.

"ఏమ్మా, ముఖం అట్లా పెట్టావేం? పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైందని నేనేం అనలేదే."

"అనలేదు. చెంబుడు నీళ్ళు తాగారు."

"దాహం వేసి తాగాను." మడతపెట్టిన చొక్కాని మోకాలి మీద సాపు చేశాడు. "మట్టి మళ్ళీ తిరగబడిందట కదా? గోదాములో అదే గోల. ఆ బొంగరం గాడు పని చెడగొట్టాడటగా?"

"ఎవరన్నారు మావయ్యా?"

"అందరూ అంటున్నారు. నేనూ అన్నాను. బండి మీద కూచుని పాటలు పాడేవాడికి పని మీద ధ్యాసేం ఉంటుంది? నా కింద అంతమంది పనిచేశారు, కాలవలో దిగి ఒక్కడైనా పాడాడా?"

"నోరు తెరిస్తే కాలవ లోపలికి పోతుందని పాడి ఉండరు."

ఆయన పకపకా నవ్వి, అంతలోనే ముఖం గంటుపెట్టుకున్నాడు. "నవ్వులాట కాదు. నా గుమ్మంలో నేను కుర్చీ వేసుకుని కూచోవాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాను! నువ్వు బాగానే చూస్తావు, అది కాదు. ఇక్కడ నేను కుర్చీ ఎటు వేసినా అది మీ దారికి అడ్డమే. అలాంటివాణ్ణి ఉత్తినే వదిలిపెట్టకూడదు."

"తప్పు అతనిదని ఇంకా తేలలేదు మావయ్యా."

"మరి ఎవరిది? మట్టి దానంతట అదే చెడిపోతుందా?"

ఆమె చెప్పులు విడుస్తున్నది కాస్తా ఆగిపోయింది. ఆయన వాదన కోసం అన్న మాట అది. ఆమెకు మాత్రం, రోజంతా వెతుకుతున్న తలుపు కొక్కెం చేతికి తగిలినట్టయింది. మట్టి దానంతట అది చెడిపోదు. చెడితే కింద నుంచి చెడాలి, లేదా పై నుంచి చెడాలి. ఏ వైపు నుంచో ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

*

పొద్దున్నే గడ్డపార పట్టుకుని గోడవారకి వెళ్ళింది. దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించి, మనిషి ఒక్కకాలు పెట్టగలిగినంత సన్నటి గొయ్యి తవ్వింది. గోడ అవతల నుంచి గోదాములోని గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, పై నుంచి కిందకి, పొర తర్వాత పొర, ఒక్కో గరిటెడు మట్టి ఒక్కో సీసాలోకి తీసింది. గరిటెని ప్రతిసారీ కడిగి తుడుస్తూ తీసింది. పైమట్టి పొడి కిందమట్టిలో పడితే చేసిన పనంతా గంగలో కలిసినట్టే.

మధ్యాహ్నానికి గొట్టాలు వరసగా నిలబడ్డాయి. మొదటిది ముదురు ఊదా. రెండోది లేత ఊదా. మూడోదాంట్లో ఉందా లేదా అన్నట్టు ఒక ఛాయ. అక్కణ్ణుంచి అట్టడుగు దాకా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఇంజినీరుని పిలిచింది. అతను వంగి చూశాడు.

"సార్, పైపైన కలిపి వదిలేస్తే ఎక్కడ చెడాలి?"

"కింద." అన్నాక అతనికే వెలిగింది. పెన్ను మూత నోట్లోంచి తీశాడు.

"ఇక్కడ కింద బంగారంలా ఉంది. నడుం లోతు దాకా కలిపాడు సార్ ఆయన. గోడకి ఆనుకుని మరీ కలిపాడు. చెడిందల్లా పైన నాలుగువేళ్ళ మందం."

"అడుగున ఉన్నది ఎండకి తడితో పాటు పైకి ఎక్కిందేమో?"

"అడుగున ఉంటే కదా సార్ ఎక్కడానికి?"

ఇంజినీరు స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ముఖంలో తప్పు చేశానన్న బెరుకు, దాని వెనకే ఇంకో భయం. "మరి పైన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకాశంలోంచా? టెస్టమ్మా, మీరు చెప్పింది నేను ఒప్పుకుంటాను. పెద్దాయన ఒప్పుకోడు. ఆయనకి ప్రశ్న తీసికెళ్తే సిమెంటు ఆర్డరు రాసిస్తాడు. జవాబు కావాలి. లేదంటే..." బల్ల మీదున్న తాళంచెవి వంక చూసి ఆపేశాడు.

ఆమె మళ్ళీ గోడ దగ్గరకి పోయింది. ఈసారి నేలని కాదు, గోడని చూస్తూ నడిచింది. మనిషి భుజమెత్తు గోడ. అడుగున ఒకచోట ఇటుకలు కాస్త ముందుకు పొడుచుకొచ్చి చూరులా ఉన్నాయి. ఆ చూరు కింద, వాన తగలని జానెడు మేర, తెల్లగా ఏదో పెళ్ళలు కట్టి ఉంది. సున్నమనుకుంది. గరిటె కొసతో విరిచి, దూరం నుంచే చేత్తో గాలి విసిరి వాసన చూసింది.

సున్నానికి వాసనుండదు. ఇది ముక్కులో సూదిలా దిగింది. ఆసుపత్రి గచ్చు, వానాకాలం బావులు, కడిగిన కాలవలు. జేబులోంచి క్లోరిన్‌ని పట్టిచ్చే పరీక్ష కాగితం ముక్క తీసి, తడిపి, తెల్లపెళ్ళకి ఆనించింది. కాగితం నీలమైపోయింది.

బ్లీచింగ్ పౌడరు.

"ఏం దొరికిందే తల్లీ, లంకెబిందెలా?"

గోడ మీదుగా గోదాము కుట్టుమిషనామె తొంగి చూస్తోంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. వీధిలో అందరి గుడ్డలూ ఆమే కుట్టేది. ఇప్పుడు తడకల మధ్య కూడా మిషను ఆపలేదు.

"లంకెబిందెలైతే మీకు చెప్తానా పెద్దమ్మా! ఇక్కడేమన్నా చల్లారా మీవాళ్ళు?"

"మేమెందుకు చల్లుతాం? మీ మట్టి జోలికొస్తే చేతులూడిపోతాయని మీరే బోర్డు పెట్టారుగా." సూది తీసి రవికకి గుచ్చుకుంది. "అయినా ఇప్పుడు నయం. మొదట్లో అయితే ఆ కుళ్ళుగుడ్ల కంపుకి ముద్ద దిగేది కాదు. పిల్లలు వాంతులు చేసుకునేవాళ్ళు. పని ఆపించమని అర్జీ పెడదామనుకున్నాం, అందరం వేలిముద్రలతో సహా తయారైపోయాం. మీ మావగారే అడ్డం పడ్డాడు. అర్జీ పెట్టారంటే పని ఆగుద్ది, పని ఆగితే ఈ తడకల్లోనే ముసలాళ్ళమైపోతాం, కంపు సంగతి నేను చూసుకుంటా అన్నాడు."

"చూసుకున్నాడా?" టెస్టమ్మ గరిటె దించి అడిగింది.

"చూసుకున్నాడనే చెప్పాలి. వారం తిరక్కుండా తగ్గిపోయింది. ఏం చేశాడో మరి. మేస్త్రీగారు గదమాయిస్తే కంపు కూడా జడుసుకుంటుంది కాబోలు!"

కుట్టుమిషనామె నవ్వుకుంటూ లోపలికి పోయింది. టెస్టమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ వాసన ఎక్కడ తగిలిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో కాదు, కాలవల్లో కాదు. నిన్న సాయంత్రం, వరండాలో, ఆయన మోకాలి మీద సాపు చేసిన చొక్కాలో.

*

వాసన పట్టుకుని మనిషి మీద నేరం మోపడం, రంగు పట్టుకుని మోపడం కన్నా మేలేమీ కాదు. అందుకని ఆమె రుజువు చూసుకోదలుచుకుంది. గొయ్యి అడుగు నుంచి మంచిమట్టి తీసి రెండు గాజు గ్లాసుల్లో పోసింది. రెండింటినీ ఒకేలా తడిపింది. ఒకదాంట్లో చెంచాతో బ్లీచింగ్ చల్లి, కాసేపాగి మళ్ళీ చల్లి, మళ్ళీ చల్లింది. మొదట ఏమీ కాలేదు. మట్టిలో మిగిలి ఉన్న ఎర్రమందు పొడిని ఎదిరించింది. ఎదిరించి ఎదిరించి అయిపోయింది. సాయంత్రం గది తాళం వేసేవేళకి ఆ గ్లాసు అంచుల్లో, ఉందా లేదా అన్నట్టు, ఒక సన్నటి పసుపు గీత.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె వచ్చి తలుపు తీసింది. ఒక గ్లాసు బూడిదరంగులో, రెండోది పసుపులో, పక్కపక్కన ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే, ఆవేళ ఆలస్యంగా బయల్దేరిన మామగారు గోదాము వైపు నడుస్తూ కనిపించాడు. చంకలో గుడ్డసంచి.

"మావయ్యా, ఒకసారి ఇట్లా వస్తారా?"

"నన్నా? లోపలికా?" ఆయన మురిసిపోయాడు. కోడలు పనిచేసే గది ఆయన ఇంతవరకు చూడలేదు. ఆమె ఇచ్చిన ముక్కుగుడ్డ కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా గొట్టాలన్నీ చూశాడు.

"ఆ సంచిలో బ్లీచింగేనా?"

ఆయన దాచలేదు. దాచాల్సిన పని ఉందని ఆయనకి తెలియదు. "వాసన పోయిందా లేదా చెప్పు! పాత స్టోరు మనిషిని బతిమాలి తెచ్చాను. రోజూ తెల్లారకముందే గోడ మీదుగా దులుపుతున్నా. నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు. అర్జీ పెట్టి నీ పని ఆపేద్దామని చూశారమ్మా వాళ్ళు. నేనున్నానుగా!"

ఆమె ఆయన చేతులు పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. అరచేతులు, వేళ్ళ సందులు, మణికట్టు వరసగా చూసింది. పుళ్ళేమీ లేవు. అప్పుడు ఆ చేతుల్ని వదిలి, రెండు గ్లాసుల్నీ ముందుకి జరిపింది.

"ఈ రెండూ ఒకే గొయ్యిలో మట్టి మావయ్యా. నిన్న మధ్యాహ్నం రెండూ బూడిదరంగే."

"మరి ఇదేం ఇట్లా..."

"దీంట్లో బ్లీచింగ్ చల్లాను."

ఆయన వంగాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ వంగాడు.

"బ్లీచింగ్ చెడ్డదా? నా ఉద్యోగమంతా దాంతోనే గడిచింది కదమ్మా. ఎన్ని బావులు, ఎన్ని రోగాలు..."

"చెడ్డది కాదు. ఈ మట్టికి పడదు. ఎర్రమందు ఆ క్రోమియాన్ని నిద్రపుచ్చింది. మీ పొడి ముందు ఎర్రమందుని తినేసి, తర్వాత దాన్ని తట్టి లేపింది."

గోదాములో కుట్టుమిషను మొదలైన చప్పుడు వినిపించింది. ఆయన స్టూలు మీద కూర్చుని, గుడ్డసంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి కింద పెట్టాడు. ఇంకాసేపటికి కాలితో దూరంగా నెట్టాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. ఇవాళ పెద్దాయన వస్తాడు. బ్లీచింగ్ పడిందని చెప్తాను. చల్లిందెవరని అడక్కుండా ఉంటే బాగుండు."

"అడిగితే?"

ఆయన లేచి, ముక్కుగుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు. గోదాము వైపు కాదు, రోడ్డు వైపు.

*

పెద్దాయన పొట్టిగా, ఎండకి ఎర్రబడ్డ ముఖంతో, విసుగ్గా ఉన్నాడు. కారు దిగుతూనే "ఎక్కడ పసుపు?" అన్నాడు. కబురు ఆయన దాకా ముందే పోయింది. గోడ మీదుగా గోదాము జనం వరసగా తలలు పెట్టి చూస్తున్నారు. గేటు బయట బొంగరం నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఉండమన్నారు, ఉండలేకపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

టెస్టమ్మ గొయ్యి చూపించింది. గొట్టాలు పై నుంచి కిందకి వరస చెడకుండా పెట్టి చూపించింది. చూరు కింది తెల్లపెళ్ళ చూపించింది. చివరికి రెండు గ్లాసులూ ఆయన చేతికే ఇచ్చింది. ఆయన వాటిని ఎండలోకి ఎత్తి, ఒకటి చూసి, రెండోది చూసి, అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేశాడు. ఆమె ఒక్కోదానికి జవాబు చెప్పింది. తెలియనిదానికి తెలియదంది. పెద్దాయన ముఖంలో విసుగు కొద్దికొద్దిగా పల్చబడింది.

"అంటే మందు పనిచేసింది. ఎవరో చెడగొట్టారు."

"అవును సార్," అన్నాడు ఇంజినీరు. "పై నాలుగువేళ్ళకీ మళ్ళీ మందు పట్టిస్తే చాలు. కలపడంలో లోపం లేదు. ఆ మాట నేను తొందరపడి అన్నాను." గేటు వైపు చూసి, గొంతు పెంచి మరీ అన్నాడు ఆ ముక్క.

"బాగుంది. చల్లిందెవరు?"

పెద్దాయన అందరి ముఖాలూ చూసి, చివరికి గేటు వైపు తిరిగాడు.

"మైదానంలోకి బయటివాళ్ళు రారు కదా? వస్తే పనివాళ్ళే రావాలి. కంపు అందరికన్నా ఎక్కువ తగిలేది ఎవరికి? బండి మీద కూచున్నవాడికి. అతనేగా గేటు దగ్గరున్నది? చల్లింది వీడే అయ్యుంటాడు. ఎవరో ఒకరి పేరు లేకుండా నేను కాగితం ముగించలేను. ఇట్లాంటివాణ్ణి మళ్ళీ బండి ఎక్కనిస్తే రేపు ఇంకేం చల్లుతాడో, సిమెంటే నయం."

"ఆయన కాదు సార్," అంది టెస్టమ్మ.

"నీకెట్లా తెలుసు?"

తెలుసు. నోట్లోనే ఉంది. ఒక్క మాట. ఆమె గోడ మీది తలల వైపు చూసింది. ఆ తలలన్నీ రోజూ పొద్దున్నే ఎవరి కోసం చాప పరిచి ఉంచుతాయో తలుచుకుంది. గేటు వైపు చూసింది. బొంగరం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "చల్లింది..." అని మొదలుపెట్టింది.

"ఆగమ్మా. అది నువ్వు చెప్పే మాట కాదు."

గేటు దగ్గర బొంగరాన్ని పక్కకి జరిపి మామగారు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. జీతం రోజుల్లో ఆఫీసుకి పోయినట్టు తయారై వచ్చాడు. నడిచి వచ్చి, పెద్దాయనకి ఎదురుగా, పసుపు చారకి ఇవతల నిలబడ్డాడు.

"నేనే సార్ చల్లింది. వీధిలో నన్ను మేస్త్రీ అంటారు. ఈ ఊరి కాలవలన్నీ నాకు తెలుసు, ఈ మట్టి తెలీదు. తెలీదని నాకు తెలీదు, అదే వచ్చింది చిక్కు. కంపు ఎక్కడ ఉంటే అక్కడ బ్లీచింగ్ కొట్టడం నా చేతికి అలవాటు. మెదడుని అడగదు, చెయ్యే పోతుంది. మావాళ్ళు కంపు భరించలేక పని ఆపిస్తామన్నారు. పని ఆగితే మేము ఇళ్ళకి పోయేదెప్పుడు? అందుకని గోడ అవతల నిలబడి, తెల్లారకముందే, దొంగలాగా చల్లాను. దొంగతనమని అప్పుడు అనుకోలేదు. అందరికీ మేలు చేస్తున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను. మట్టి పసుపెక్కిందని తెలిసిన రోజు నేనేం చేశానో తెలుసా? ఇదిగో, ఈ మనిషిని తిట్టాను. గోదాములో అందరి ముందూ కూచుని నోరారా తిట్టాను. అదే అందరి ముందూ ఇప్పుడు చెప్తున్నాను, తప్పు నాది. ఏమయ్యా బొంగరం, గోడకి ఆనుకుని నడుం లోతు కలిపావట, నా కోడలు గొయ్యి తీసి మరీ చూసింది. నీలాంటి పనివాడు నా కింద ఉంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఈ అమ్మాయిని ఏమీ అనకండి సార్. నేను చల్లానని దీనికి పొద్దుట నా నోటితోనే తెలిసింది. తెలిశాక కూడా నన్ను ఒప్పుకోమని అడగలేదు. అడిగుంటే మొండికేసేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. రోడ్డు మీద చాలాసేపు తిరిగాను. ఇంటికిపోయి చొక్కా మార్చుకుని వచ్చాను. మీ కాగితంలో ఎవరో ఒకరి పేరుండాలన్నారు కదా, నాది రాసుకోండి, వయసుతో సహా రాసుకోండి. కాని సిమెంటు మాట ఎత్తకండి. మందు మంచిదని తేలింది, కలిపినవాడు మంచివాడని తేలింది, చెడగొట్టినవాణ్ణి మీ ముందే ఉన్నాను. ఇంక సిమెంటు దేనికి సార్? మళ్ళీ కలిపించండి. కంపు కొడుతుంది, కొట్టనివ్వండి. మావాళ్ళందరూ ముక్కులు మూసుకుంటారు, మూసుకోకపోతే నేను మూయిస్తాను. నేను మాత్రం ఈసారి ముక్కు వదిలేసి, చేతులు కట్టుకుని కూచుంటాను."